కారుకు కార్బన్ ఫైబర్ భాగాలు సొంతంగా బిగించుకోవడం: ఉప్పుగాలి తగిలే ఊళ్లవారికి

కార్బన్ ఫైబర్ (రెజిన్ అనే జిగురుతో గట్టిపరచిన కార్బన్ పోగుల గుడ్డ) భాగాలను కారుకు సొంతంగా బిగించుకోదలచినవారు ముందుగా తేల్చుకోవలసింది, చేతికి వచ్చిన వస్తువు నిజంగా కార్బన్ ఫైబరేనా అన్న సంగతి. ఆ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మేవాటిలో చాలా వరకు ఏబీఎస్ ప్లాస్టిక్ మీద నేత గుర్తును అచ్చు వేసినవో, వినైల్ ఫిల్మ్ అతికించినవో ఉంటాయి. అసలైనవాటిలో మళ్లీ రెండు రకాలు. రెజిన్ ముందుగానే పట్టించిన గుడ్డను ఆటోక్లేవ్ అనే బిగుతుగా మూసే పొయ్యిలో వేడితో, ఒత్తిడితో గట్టిపరచి తయారు చేసేది డ్రై కార్బన్. అచ్చులో గుడ్డ పరచి, రెజిన్‌ను చేత్తో పూసి, వెనుక ఫైబర్ గ్లాస్ పొరలు వేసి తయారు చేసేది వెట్ కార్బన్. మామూలు ధరలకు దొరికేది సాధారణంగా రెండో రకం, అలంకారానికి అది సరిపోతుంది కూడా. అనుమానం తీరాలంటే ఎలక్ట్రీషియన్ వాడే మల్టీమీటర్ చాలు. భాగం వెనుక కోసిన అంచును వాటర్ పేపర్‌తో (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) కాస్త రుద్ది, పైన ఉన్న కార్బన్ పొర మీద పక్కపక్కనే రెండు చోట్ల మీటరు మొనలు ఆనిస్తే అసలు కార్బన్‌కు రీడింగు వస్తుంది, ప్లాస్టిక్‌కు రాదు. పైన మెరిసే తలం మీద ఆనిస్తే అసలుకు కూడా రీడింగు రాదు, అక్కడ ఉన్నది ఉత్త రెజిన్ పొర కాబట్టి.

ఉత్తరాంధ్ర తీరంలోని మన జిల్లాల్లో ఈ పని మొత్తానికి ఆ రీడింగే కీలకం. విద్యుత్తును ప్రసరింపజేసే కార్బన్, ఉక్కుకో అల్యూమినియానికో బోల్టు మీది జింకు పూతకో నేరుగా తగిలి, ఆ రెండింటి మధ్య ఉప్పుతేమ చేరితే, అక్కడ చిన్న బ్యాటరీ లాంటి విద్యుత్ ఘటం ఏర్పడి లోహాన్ని తినేస్తుంది. కార్బన్‌కు మాత్రం ఏమీ కాదు. శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు గానీ, విజయనగరం జిల్లాలో భోగాపురం, కోనాడ వైపు గానీ తిరిగే బండికి ఉప్పుగాలి ఏడాది పొడుగునా తగులుతూనే ఉంటుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి ఈ పని నేర్పేవారికి దీని గురించి చెప్పవలసిన అవసరం అంతగా పడదు కాబట్టి, వారి పద్ధతిని యథాతథంగా దింపుకుంటే రెండు వర్షాకాలాలు గడిచేసరికి బోల్టు చుట్టూ తెల్లటి పొడి, ఆ తరువాత ఎర్రటి తుప్పు కనిపిస్తాయి.

ఏ భాగంతో మొదలుపెట్టాలి అన్నదానికి నా సలహా సూటిగా ఉంటుంది: మొదట సైడ్ మిర్రర్ తొడుగులు, తరువాత వెనుక స్పాయిలరు అనే రెక్క, ఆ తరువాత బంపర్ కింద వచ్చే లిప్పు అనే అంచుపట్టీ. రోజువారీ తిరిగే బండికి కార్బన్ బానెట్టు జోలికి పోకపోవడమే మేలు. కంపెనీ బానెట్టు ఢీకొన్నప్పుడు ఎక్కడ మడతపడాలో ముందే నిర్ణయించి చేసినది. బయట దొరికేదానికి అటువంటి పరీక్ష జరిగిందని నమ్మకం ఉండదు. రాడార్ ఉన్న కార్లలో ఆ రాడార్ ముందు భాగాన్ని, పైకప్పు మీది షార్క్ ఫిన్ యాంటెన్నాను కార్బన్‌తో కప్పకూడదు, ఎందుకంటే అది రేడియో తరంగాలను అడ్డుకుంటుంది.

చట్టం సంగతి కూడా కొనకముందే చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద, చట్టం అనుమతించని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. బండి పొడవు, వెడల్పు, రంగు మారేలా ఉంటే ఆర్టీవో కార్యాలయంలో ముందే అడగడం, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది.

భాగం ఇంటికి వచ్చాక జిగురు గానీ డ్రిల్లు గానీ ముట్టకుండా, మాస్కింగ్ టేపుతో దానిని కారుకు ఆనించి, చుట్టూ తిరిగి చూడాలి. ఇటువంటివి చేత్తో చేసే అచ్చు పనులు కాబట్టి, ఒక మూల ఆనితే మరో మూల లేచి ఉండటం మామూలే. ఎక్కడ ఆనుతోందో తెలియకపోతే బంపర్ అంచుకు సుద్దముక్క రుద్ది, భాగాన్ని అదిమి తీస్తే ఎత్తుగా ఉన్న చోట సుద్ద అంటుకుంటుంది. ఆ చోటును 240 నంబరు వాటర్ పేపర్‌తో, నీళ్లు పోస్తూ, వెనుకవైపు నుంచి మాత్రమే కొద్దికొద్దిగా రుద్ది మళ్లీ ఆనించి చూడాలి. వంకర ఉన్న భాగాన్ని బోల్టు బిగువుతో దారికి తేవాలనుకుంటే, ఆ బిగువు ఏదో ఒక రోజు స్పీడ్ బ్రేకరు దగ్గర పగులుగా బయటపడుతుంది. లిప్పు విషయంలో నేల నుంచి ఎత్తు కూడా ఇప్పుడే కొలవాలి. పంటకోతల కాలంలో పల్లె రోడ్ల మీద ధాన్యం కుప్పలు, వాటి చుట్టూ పెట్టే రాళ్లు ఉంటాయన్నది మనవాళ్లకు చెప్పనక్కర్లేదు.

రంధ్రాలు వేయడంలో తొందర పనికిరాదు. కార్బన్ పొడి చర్మానికి, కళ్లకు, ఊపిరితిత్తులకు హానికరం, పైగా అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. కనుక ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా వేసుకొని, కారుకు దూరంగా, బ్యాటరీ, ఫ్యూజు పెట్టెల మీద పొడి పడని చోట పని చేయాలి. గుర్తు పెట్టిన చోట రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, వెనుక ఒక చెక్కముక్కను క్లాంపుతో గట్టిగా బిగించాలి. కొత్త బిట్టుతో, హ్యామర్ మోడ్ ఆపేసి, ముందు 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, తరువాత దానిని పెద్దది చేయాలి. బిట్టు అవతలికి వచ్చే క్షణంలో చేతి బరువు తగ్గించకపోతే, చివరి పొర చీలి నల్లటి పోగులు బయటికి లేస్తాయి. వెనుక చెక్క పెట్టేది దీనికోసమే. రంధ్రం లోపలి అంచుకు అగ్గిపుల్లతో పల్చగా అరాల్డైట్ జిగురు పూసి ఆరనివ్వాలి. దానివల్ల పొరల మధ్యకు నీరు దిగదు, బోల్టు ఒరుసుకున్నా కార్బన్ నేరుగా తగలదు.

లిప్పు లాంటి పొడవైన భాగానికి మరొక చిక్కు ఉంది. ఎండకు కార్బన్ దాదాపు వ్యాకోచించదు, ప్లాస్టిక్ బంపరు మాత్రం బాగా సాగుతుంది. మే నెల మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకీ మధ్య ఒకటిన్నర మీటరు బంపరు రెండు మూడు మిల్లీమీటర్ల దాకా పెరిగి తగ్గుతుంది. అందుకని మధ్య బోల్టు రంధ్రం ఒక్కటే సరిగ్గా ఉండాలి, అటూ ఇటూ ఉన్నవాటిని పక్కవాటుగా సాగదీసిన కోలరంధ్రాలుగా చేయాలి. చాలామంది పెద్ద మెకానిక్కులు కూడా దీనిని పట్టించుకోకుండా అన్నింటినీ బిగుతుగా బిగిస్తారు. బంపరు అలలు తేలడానికి కారణం అదే.

బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. వాటి తల మీద ఎ2 అని గానీ, ఎ4 అని గానీ చెక్కి ఉంటుంది. ఉప్పుగాలికి ఎ4 మెరుగు. చిన్న హార్డ్‌వేర్ దుకాణాల్లో ఆ గుర్తు లేనివి చాలా దొరుకుతాయి, అవి ఎంత మెరిసినా తీసుకోకూడదు. స్టెయిన్‌లెస్ అయినంత మాత్రాన సరిపోదు: తల కింద వెడల్పాటి నైలాన్ వాషరు, బోల్టు ఒంటికి హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే ముడుచుకొని పట్టేసే ప్లాస్టిక్ గొట్టం), భాగం లోహపు పట్టీకి ఆనే చోట పల్చటి రబ్బరు షీటు ఉండాలి. పానాతో బలమంతా పెట్టి తిప్పకూడదు; వాషరు ఆనిన తరువాత పావు మలుపు చాలు, వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉండే నైలాక్ నట్టు చూసుకుంటుంది. వెట్ కార్బన్‌కు వెనుక ఫైబర్ గ్లాస్ పొర ఉంటే అది విద్యుత్తును ఆపుతుంది గానీ, రంధ్రం అంచున కార్బన్ బయటపడే ఉంటుంది కనుక స్లీవు మానడానికి లేదు.

మిర్రర్ తొడుగులు, చిన్న స్పాయిలర్లు డబుల్ టేపుతో అతికేవి. 3ఎం వీహెచ్‌బీ వంటి ఫోమ్ టేపు అతకడానికి తలం సుమారు 21 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. వేసవిలో ఎండలో నిలిపిన కారు రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, కాబట్టి ఉదయం నీడలో పని మొదలుపెట్టాలి. పుష్యమాసంలో అయితే దానికి తలకిందులుగా, మంచు తడి పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగం నీళ్లు కలిపి, నూలు పోగులు రాలని గుడ్డతో తుడవాలి. థిన్నరు వాడితే పెయింటు పోతుంది. బంపరు లోపలివైపు పీపీ అని ముద్ర ఉంటే అది పాలీప్రొపిలీన్, దాని పెయింటు లేని భాగానికి ఏ టేపూ సరిగా పట్టుకోదు, కనుక టేపు కంపెనీ చెప్పిన ప్రైమరు పూయాలి. అతికించిన తరువాత ప్రతి అంగుళాన్నీ బొటనవేలితో గట్టిగా అదమాలి. పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది, ఆలోగా కారు కడగకూడదు, జాతీయ రహదారి ఎక్కకూడదు. అద్దాలు బిగించే పీయూ (పాలీయూరెథేన్) జిగురు వాడేవారికి ఒక వెసులుబాటు: అది గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది, ఆ తేమకు మన దగ్గర కొదవ లేదు.

బానెట్టే కావాలని నిశ్చయించుకున్నవారు రెండో మనిషి లేకుండా విప్పకూడదు. కీలు బోల్టుల చుట్టూ మార్కరుతో గీత గీసి, వైపరు నీళ్ల గొట్టం తీసి, రెండు ఫెండర్ల మీద మడతపెట్టిన దుప్పట్లు పరచి, అప్పుడు బోల్టులు తీయాలి. కొత్తదానిని ఆ గీతల మీద కూర్చోబెట్టి, వదిలేయకుండా చేత్తో పట్టుకొని నెమ్మదిగా దించుతూ లాకు కొక్కెం సరిగ్గా మధ్యలో దిగుతోందో లేదో చూడాలి. రెండో లాకు, అంటే సేఫ్టీ క్యాచ్, పట్టుకోకపోతే ఆ బానెట్టుతో రోడ్డెక్కకూడదు. పదహారో నంబరు జాతీయ రహదారి మీద లారీ దాటేటప్పుడు లేచి అద్దం మీద పడిందంటే ముందు ఏమీ కనిపించదు. అదనంగా రెండు బానెట్ పిన్నులు బిగించడం అందం కోసం కాదు, ఇందుకోసమే.

ఎండకు రెజిన్ పసుపుబారి, తెల్లటి పొర కడుతుంది. దానికి విరుగుడు అతినీలలోహిత కిరణాలను ఆపే క్లియర్ కోటు అనే రంగులేని పూత. హార్డెనర్ కలిపే టూకే క్లియర్‌లోని ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులకు ప్రమాదకరం కనుక, ఆ ఒక్క పని ఇంటి పెరట్లో చేయకుండా, బూత్ ఉన్న పెయింటింగ్ షెడ్డుకు ఇవ్వాలి. ఇచ్చే ముందు 800 నంబరు పేపర్‌తో నీళ్లు పోస్తూ మెరుపు పోయేంత వరకే రుద్దాలి. నేత పోగులు పైకి కనిపిస్తే ఎక్కువ రుద్దినట్లు.

తీసిన కంపెనీ భాగాలను క్లిప్పులతో సహా అట్టపెట్టెలో దాచుకోవాలి, ఫిట్‌నెస్ పరీక్ష నాడో, బండి అమ్మేటప్పుడో అవి అవసరమవుతాయి. బిగించిన వారం తరువాత ఒకసారి, ఆపై ప్రతి వర్షాకాలం ముగిశాక బోల్టులను తడిమి చూడాలి. సముద్రం వైపు వెళ్లి వచ్చిన రోజున లిప్పు వెనుక, మిర్రర్ కింద మంచినీళ్లు కొట్టి కడగాలి. వాషరు అంచున తెల్లటి పొడి తేలితే ఆ బోల్టును విప్పి, లోహపు పట్టీని వాటర్ పేపర్‌తో శుభ్రం చేసి జింకు ప్రైమరు పూసి, అది ఆరిన తరువాత కొత్త స్లీవుతో, కొత్త నైలాన్ వాషరుతో మళ్లీ బిగించాలి.