ఇంటి బేకింగ్ పాఠాలు – 4: మెత్తని చాక్లెట్ చిప్ కుకీలు

గత పాఠంలో చేసిన వెన్న బిస్కెట్లు పట్టుకుంటే ఫెళ్ళున విరగాలని, అందుకోసం వాటిలోని తేమ దాదాపు ఆరిపోయేదాకా తక్కువ వేడి మీద కాల్చాలని చెప్పుకున్నాం. ఈ పాఠంలో మన పని సరిగ్గా దానికి వ్యతిరేకం. కుకీ అంచు కాస్త గట్టిపడాలి గానీ, నడిమి భాగం మరునాడు కూడా వేలితో నొక్కితే అణిగేంత మెత్తగా ఉండాలి. బిస్కెట్ అంటే కరకరలాడాలన్న అభిప్రాయం మనలో బాగా నాటుకుపోయినందువల్ల, కొత్తగా చేసేవారు ఓవెన్ అద్దంలోంచి కుకీ మెత్తగా కనబడగానే అది ఇంకా కాలలేదేమోనని మరో నాలుగైదు నిమిషాలు ఉంచేస్తారు. ఇంట్లో చేసిన కుకీలు గట్టిపడిపోవడానికి ముఖ్య కారణాలలో ఇది ఒకటి.

ఈ కుకీ పుట్టినిల్లు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం. అక్కడి విట్‌మన్ అనే ఊళ్లో టోల్ హౌస్ పేరుతో భోజనశాల నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ 1930ల చివరలో చాక్లెట్ బిళ్లను ముక్కలుగా కొట్టి పిండిలో కలిపి దీన్ని తయారు చేశారు. 1997లో ఆ రాష్ట్రం దీన్ని తన అధికారిక కుకీగా ప్రకటించింది. ఆమె చేసినవి చిన్నవి, కరకరలాడేవి. నేడు అందరూ ఇష్టపడే పెద్ద, మెత్తని రకం తరువాతి కాలంలో ప్రాచుర్యం పొందింది.

ముందుగా కొలతలు. సుమారు పదహారు కుకీలకు మైదా 180 గ్రాములు, కార్న్ ఫ్లోర్ రెండు టీస్పూన్లు, వంట సోడా అర టీస్పూను, ఉప్పు పావు టీస్పూను, ఉప్పు లేని వెన్న 115 గ్రాములు, బ్రౌన్ షుగర్ 110 గ్రాములు, మామూలు పంచదార 50 గ్రాములు, గుడ్డు ఒకటి, వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూను, చాక్లెట్ ముక్కలు 150 గ్రాములు సిద్ధం చేసుకోవాలి. రొట్టె మీద రాసుకునే ఉప్పు వెన్నే ఇంట్లో ఉంటే దాన్నే వాడి, విడిగా వేసే ఉప్పు మానేయవచ్చు. అమెరికాలో ఉన్న పాఠకులు కార్న్ స్టార్చ్ పేరుతో అమ్మే తెల్లని పొడిని తీసుకోవాలి; అక్కడ కార్న్ ఫ్లోర్ అని అడిగితే మొక్కజొన్న పిండి చేతికి వస్తుంది.

మైదాను కప్పుతో కాక త్రాసుతో తూచుకోమని గట్టిగా చెబుతున్నాను. పిండిని చెంచాతో వదులుగా నింపితే కప్పులో 120 గ్రాములు పడుతుంది. అదే కప్పును డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 గ్రాముల దాకా పడుతుంది. ఈ వంటకంలో ముప్పై గ్రాముల మైదా ఎక్కువైతే అది ఉన్న తేమనంతా పీల్చుకుని కుకీని పొడిపొడిగా మారుస్తుంది, ఆపైన ఎంత జాగ్రత్తగా కాల్చినా మెత్తదనం తిరిగి రాదు. వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు లేనివారు కనీసం పిండిని చెంచాతో నింపి, పైన చాకుతో చదును చేసి కొలవాలి.

మెత్తదనంలో పెద్ద వాటా బ్రౌన్ షుగర్‌ది. పంచదారకు చెరకు మడ్డి కలిపి చేసే బ్రౌన్ షుగర్‌లో సుక్రోజ్‌తో (మామూలు పంచదారలోని చక్కెర) పాటు కొద్దిపాటి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే వేరే చక్కెరలు కూడా ఉంటాయి. ఇవి నీటిని పట్టి ఉంచుతాయి, కుకీ చల్లారిన తరువాత చక్కెర తిరిగి గట్టి పలుకులుగా మారకుండా అడ్డుపడతాయి. ఆ మడ్డికి ఉన్న స్వల్పమైన ఆమ్లగుణం వంట సోడాతో కలిసి వాయువును విడుదల చేస్తుంది గనుక కుకీ కొద్దిగా పొంగుతుంది కూడా. ఇక్కడ కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. దుకాణాల్లో బ్రౌన్ షుగర్ అని అడిగితే తరచుగా ఇచ్చే డెమెరారా చక్కెర గోధుమరంగులోనే ఉన్నా పలుకులు పెద్దవిగా, పొడిగా ఉంటాయి, అవి వెన్నలో సరిగా కరగవు. మనకు కావలసింది గుప్పిట్లో బిగిస్తే తడి ఇసుకలా ముద్దకట్టే రకం. అది దొరకనప్పుడు మంచి బెల్లం పొడిని జల్లించి అదే బరువుకు వాడుకోవచ్చు. బెల్లానికీ తేమను నిలిపే గుణం ఉంది. రంగు ముదురుతుంది, బెల్లపు రుచి స్పష్టంగా తెలుస్తుంది. నా మటుకు ఆ రుచి డార్క్ చాక్లెట్‌కు చక్కగా నప్పుతుంది.

పంచదారను పూర్తిగా మానేయకూడదు. కుకీ పరచుకోవడానికీ, అంచు కొద్దిగా గట్టిపడడానికీ అది అవసరం.

ఇక వెన్న. అది 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడాలి గానీ పైన నూనె మెరుపు కనబడకూడదు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో వెన్నను గంటసేపు బయట పెట్టమని చెప్పే వంటకాన్ని అనుసరిస్తే మిగిలేది కరిగిన నెయ్యే. ఆ ఎండల్లో ఫ్రిజ్ నుంచి తీసి ముక్కలుగా కోసిన పది పదిహేను నిమిషాలకే పని మొదలుపెట్టాలి. వెన్నను, రెండు చక్కెరలను హ్యాండ్ బీటర్‌తో రెండు నిమిషాలు గిలక్కొడితే చాలు. కేకుకు చేసినట్లు తెల్లబారి నురగగా మారేదాకా కొట్టకూడదు, ఎందుకంటే అప్పుడు గాలి ఎక్కువగా చేరి కుకీ బొద్దుగా, కేకులా తయారవుతుంది. తరువాత గుడ్డు, వెనిలా వేసి అవి కలిసేంతవరకే తిప్పాలి.

మైదా, కార్న్ ఫ్లోర్, సోడా, ఉప్పు కలిపి జల్లించి, ఇకమీదట బీటర్ పక్కన పెట్టి గరిటెతో కలపాలి. పొడి చారలు కనబడకుండా పోయిన క్షణంలో ఆపేయాలి. అంతకు మించి కలిపే కొద్దీ మైదాలోని గ్లూటెన్ (పిండికి సాగే గుణమిచ్చే మాంసకృత్తు) బలపడి కుకీ సాగినట్లుగా, గట్టిగా అవుతుంది. కార్న్ ఫ్లోర్ వేయడంలోని ఉద్దేశం ఆ గ్లూటెన్ వాటాను కొంత తగ్గించడమే. చివరగా చాక్లెట్ ముక్కలు కలపాలి. చాక్లెట్ కొనేముందు పొట్లం మీద పదార్థాల జాబితా చదవాలి: కోకో బటర్‌కు బదులు వనస్పతి కొవ్వు ఉంటే అది కాంపౌండ్ రకం, నోట్లో మైనంలా తగులుతుంది. మంచి డార్క్ చాక్లెట్ బిళ్లను చాకుతో తరిగి వేస్తే చిప్స్ కంటే మేలుగా కరుగుతుంది.

కలిపిన పిండిని మూతపెట్టి కనీసం గంటసేపు, వీలైతే ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. ఈలోగా వెన్న గట్టిపడుతుంది, మైదా తడిని సమంగా పీల్చుకుంటుంది, దానివల్ల ఓవెన్‌లో పిండి ఒక్కసారిగా జారి పలచబడదు. మన వాతావరణంలో ఈ దశను ఎంతమాత్రం వదలకూడదు. పచ్చి పిండిని రుచి చూడవద్దు. గుడ్డే కాదు, కాల్చని మైదా కూడా కడుపుకు ప్రమాదమే.

ఓటీజీలో (కరెంటు రాడ్లతో వేడెక్కే చిన్న ఓవెన్) కింది, పై రాడ్లు రెండూ వెలిగించి 175 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ముందుగా వేడి చేయాలి. మైక్రోవేవ్ ఉన్నవారు కన్వెక్షన్ పద్ధతిలో (ఫ్యానుతో వేడిగాలి తిప్పే పద్ధతి) 160 డిగ్రీలు పెట్టుకోవాలి; ఫ్యాను గాలికి పైభాగం త్వరగా ఎర్రబడుతుంది. పిండిని నలభై గ్రాముల ఉండలుగా చేసి, బేకింగ్ పేపర్ పరిచిన ట్రేలో ఉండకూ ఉండకూ మధ్య మూడు వేళ్ల ఎడం ఉంచి, నడిమి అరలో పెట్టాలి.

ఇక్కడి నుంచి ఓవెన్ ముందు నుంచి కదలవద్దు. ఆరేడు నిమిషాలకు ఉండలు కరిగి బిళ్లలుగా పరచుకుంటాయి, పైభాగం తడిగా మెరుస్తూ ఉంటుంది. తొమ్మిదో నిమిషం నాటికి అంచుల మెరుపు పోయి లేత గోధుమరంగు గీత ఒకటి చుట్టూ ఏర్పడుతుంది. ఆ గీత లోపలికి పాకుతున్నప్పుడు నడిమి భాగం ఉబ్బి, తెల్లగానే ఉంటుంది. మధ్యలో తడి మెరుపు అప్పుడే తగ్గి, రెండు వేళ్ల వెడల్పు భాగం మాత్రం ఇంకా పాలిపోయి కనబడుతున్నప్పుడు, అంటే సాధారణంగా పది పదకొండు నిమిషాలకు, ట్రే బయటకు తీసేయాలి. అప్పుడు కుకీని ఎత్తబోతే విరిగిపోతుంది. కాబట్టి ముట్టుకోకుండా పది నిమిషాలు ట్రేలోనే వదలాలి. ట్రేలోని వేడికి నడిమి భాగం నెమ్మదిగా ఉడికి, ఉబ్బు తగ్గి, పైన సన్నని పగుళ్లు వస్తాయి. ఓవెన్ డయల్ చూపే అంకె, లోపలి అసలు వేడి చాలాసార్లు ఒకటి కావు గనుక నిమిషాల కంటే ఈ గుర్తులనే నమ్ముకోవాలి.

పూర్తిగా చల్లారిన కుకీలను గాలి చొరని డబ్బాలో, ఒక బ్రెడ్ ముక్కతో పాటు ఉంచితే మూడు నాలుగు రోజులు మెత్తగా ఉంటాయి; బ్రెడ్‌లోని తేమ కుకీలకు చేరుతుంది. కాల్చని ఉండలను ఫ్రీజర్‌లో దాచుకుని, కావలసినప్పుడు ఒకటి రెండు నిమిషాలు అదనంగా కాల్చుకోవచ్చు.

ఈ వారం అభ్యాసం: ఒకే పిండిలోంచి మూడు ఉండలు తీసి ఒకే ట్రేలో పెట్టండి. మొదటిదాన్ని తొమ్మిదో నిమిషంలో, రెండోదాన్ని పదకొండో నిమిషంలో, మూడోదాన్ని పద్నాలుగో నిమిషంలో కాగితంతో సహా బయటకు లాగేందుకు వీలుగా ఒక్కొక్కటి విడి కాగితం మీద ఉంచండి. వేడిమీద కాదు, మరునాడు ఉదయం మూడింటినీ మధ్యకు విరిచి చూసి, మీ ఓవెన్‌కు ఏ నిమిషం సరిపోయిందో పుస్తకంలో రాసుకోండి. ఆ అంకె వచ్చే పాఠంలో గుడ్డు లేని కుకీలు చేసేటప్పుడు కావాలి.