చెవితో విని ఫింగర్‌స్టైల్ గిటార్‌ను రాసుకోవడం: ముందు బొటనవేలి జాడ

ఫింగర్‌స్టైల్ అంటే బొటనవేలితో బాస్‌ను (కింది స్వరాలను), మిగిలిన వేళ్లతో మెలడీని (పాట వరుసను) మీటే గిటార్ పద్ధతి. ఆ సంగీతాన్ని విని రాసుకోవాలనుకునేవారు చాలామంది పైన పలికే మెలడీతో మొదలుపెడతారు, ఎందుకంటే చెవికి ముందు అందేది అదే. నా దృష్టిలో అది తలకిందుల పద్ధతి. బొటనవేలు ఏ తీగల మీద నడుస్తోందో తేలితే ఎడమచెయ్యి ఎక్కడుందో తెలుస్తుంది, అది తెలిశాక మిగిలిన వేళ్లకు అందే స్వరాలు కొన్నే ఉంటాయి. ఈ సాధనకు అమెరికన్ బ్లూస్ గాయకుడు, గిటారిస్టు మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో ఓకే అనే రికార్డుల కంపెనీకి పాడి ఇచ్చిన రికార్డులు ఎంతో అనువైనవి: ఒక గిటార్, ఒక గొంతు, తాళం తప్పని బాస్.

మొదట శ్రుతి సంగతి చూడాలి. ఆ కాలపు రికార్డులు నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయన్నది పేరుకే. రికార్డు చేసిన యంత్రం గాని, తర్వాత డిజిటల్‌లోకి ఎక్కించిన యంత్రం గాని వేగంలో కాస్త అటూఇటూ అయితే పాట శ్రుతి రెండు ఫ్రెట్ల (గిటార్ మెడ మీది మెట్ల) నడుమ ఎక్కడో పడుతుంది. అలాంటప్పుడు గిటార్ బిరడాలు తిప్పుతూ కూర్చోకుండా, ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాట శ్రుతినే మన గిటార్‌కు కలిసేలా జరుపుకోవడం మేలు. ఆ తర్వాత పాటలోని అన్నిటికంటే కింది స్వరాన్ని వెతకాలి. మామూలు ట్యూనింగ్‌లో ఆరో తీగను ఖాళీగా మీటితే సుమారు 82 హెర్ట్జ్‌ల ‘ఇ’ పలుకుతుంది. అంతకంటే కిందికి, 73 దగ్గరకు దిగితే ఆ తీగను ‘డి’కి దించారని అర్థం. కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి శ్రుతి పెంచే బిగింపు) పెట్టారేమో కూడా అప్పుడే ఆలోచించాలి. చెయ్యి కదిలినా ఆగకుండా మోగుతూ ఉండే స్వరాలు సాధారణంగా ఖాళీ తీగలవి, కాబట్టి ఈ రెండు ప్రశ్నలకూ మంచి ఆధారం అవే.

ఇక బాస్. నాలుగు దెబ్బల చిన్న ముక్కను తీసుకుని, శ్రుతి మారకుండా వేగాన్ని 60 శాతానికి తగ్గించి, మళ్లీ మళ్లీ వినాలి. 50 కంటే తగ్గిస్తే మీటిన చప్పుడు చెదిరిపోయి, ఏ స్వరం ముందో ఏది వెనకో తెలియదు. చిన్న ఇయర్‌ఫోన్లలో బాస్ అందకపోతే ఆ ముక్కను ఒక స్థాయి పైకి ఎత్తి వినవచ్చు. సి కార్డ్ మీద వినిపించే నడక చాలాసార్లు ఇలా ఉంటుంది: ఐదో తీగ మూడో ఫ్రెట్, నాలుగో తీగ రెండో ఫ్రెట్, ఆరో తీగ మూడో ఫ్రెట్ లేదా తిరిగి ఐదోదే, మళ్లీ నాలుగో తీగ. వీటిని ట్యాబ్‌లో (ఒక్కో తీగకు ఒక్కో గీత గీసి, దాని మీద ఫ్రెట్ అంకె వేసే రాతలో) రాసి, పై మూడు గీతలనూ ఖాళీగా వదిలేయండి.

మెలడీ దగ్గర అడగవలసిన ప్రశ్న ఏ స్వరమన్నది ఒక్కటే కాదు, ఏ తీగ మీద, ఏ దెబ్బకు అన్నది కూడా. ఒకటో తీగ ఖాళీగా పలికే స్వరమే రెండో తీగ ఐదో ఫ్రెట్‌లోనూ, మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్‌లోనూ ఉంది. తీగ లావయ్యేకొద్దీ నాదం మొద్దుబారుతుంది. స్వరం బాస్‌తో కలిసి పడిందా, రెండు బాస్ దెబ్బల మధ్య పడిందా అన్నది గుర్తించడానికి పాదంతో తాళం వేస్తూ వినడం సాఫ్ట్‌వేర్ గీతలు చూడడం కంటే నాకు బాగా పనికొచ్చింది.

ఒక మోసం గురించి చెప్పాలి. సి కార్డ్ భాగంలో ఒకటో తీగ మూడో ఫ్రెట్ ‘జి’ ఉందని నేను చాలాకాలం రాసుకున్నాను. నిజానికి దాన్ని ఎవరూ మీటలేదు. ఐదో తీగ మీది ‘సి’ దాదాపు 131 హెర్ట్జ్‌లు, దాని మూడో హార్మోనిక్ (ఆ స్వరంతో పాటే సన్నగా పలికే, దానికి మూడు రెట్ల హెర్ట్జ్‌ల నాదం) 392, సరిగ్గా ఆ ‘జి’ ఉండే చోటు. ఆ బాస్ స్వరం పలికిన ప్రతిసారీ తప్పకుండా ఒకే మోతాదులో అది వినిపిస్తూ ఉండడాన్ని బట్టి అనుమానం వచ్చింది. గిటార్ మీద ఆ బాస్ స్వరాన్ని ఒంటరిగా మీటి వింటే ఆ నీడ మీకూ వినిపిస్తుంది.

చివరగా, రాసినదాన్ని అసలు వేగంతో రికార్డుతో కలిపి వాయించాలి. వేళ్లు మెలికలు తిరుగుతుంటే స్వరం సరైనదైనా తీగ తప్పయి ఉంటుంది. హర్ట్ ఆ వాద్యాన్ని తీరిగ్గా పాడుతూ వాయించాడు కాబట్టి, తేలిగ్గా అందే చోటునే ముందు వెతకండి.