చేయి తిరిగిన డైవర్ స్కూబా శిక్షకుడు కావడం ఎలా?

వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగున ఈదే స్కూబా డైవింగ్‌ను ఏళ్ల తరబడి సముద్రంలో చేస్తున్న వ్యక్తికి శిక్షకుడు కావడం పెద్ద పని కాదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒళ్లంతా అలవాటైపోయిన పనిని విడదీసి, మొదటిసారి నీటిలో దిగి భయపడుతున్న మనిషికి అర్థమయ్యేలా చూపించడం వేరే విద్య. ఈ వ్యాసం ప్రధానంగా డైవర్లకు శిక్షణ, ధ్రువపత్రాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ పాడి (PADI) పద్ధతిని అనుసరించి రాసినది.

ముందుగా లాగ్‌బుక్, అంటే చేసిన ప్రతి డైవ్ వివరాలు రాసుకునే పుస్తకం, తీయండి. శిక్షకుల కోర్సులో చేరడానికి కనీసం 60 డైవ్‌లు, చివరి పరీక్షకు 100 డైవ్‌లు నమోదై ఉండాలి. ఎన్నో డైవ్‌లు చేసి ఒక్కటీ రాసుకోని అనుభవజ్ఞులు ఇక్కడే చిక్కుకుంటారు. లోతు, సమయం నమోదు చేసే డైవ్ కంప్యూటర్ అనే చిన్న పరికరంలో మిగిలిన వివరాలతోనైనా పుస్తకం పూర్తి చేసుకోవాలి. వయసు 18 నిండి, డైవర్‌గా ధ్రువపత్రం పొంది ఆరు నెలలు దాటి, గత 12 నెలల్లో వైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య పత్రం ఉండాలి.

డైవర్ శిక్షణలో మొదటి రెండు మెట్లైన ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్ దశలు మీరు ఎప్పుడో దాటి ఉంటారు. ఆపదలో ఉన్న డైవర్‌ను కాపాడడం నేర్పే రెస్క్యూ డైవర్ కోర్సును మాత్రం తొందరగా ముగించకండి, ఎందుకంటే ఇతరుల ముఖంలో భయాన్ని ముందే పసిగట్టడం అక్కడే నేర్చుకుంటారు. తరువాతి మెట్టు డైవ్‌మాస్టర్, అంటే డైవర్లకు దారి చూపుతూ శిక్షకుడికి సహాయపడే స్థాయి. అందులో ఆగకుండా 400 మీటర్ల ఈత, 15 నిమిషాలు నీటిపై తేలడం, స్నార్కెల్ (ముఖం నీటిలో ఉంచి ఊపిరి తీసుకునే గొట్టం)తో 800 మీటర్లు, అలసిన డైవర్‌ను 100 మీటర్లు లాక్కెళ్లడం వంటి పరీక్షలు ఉంటాయి. వయసు పైబడినవారు వీటికి కొన్ని నెలల ముందు నుంచే ఈత సాధన చేయడం మంచిది.

అసలు శ్రమ ప్రదర్శనలో ఉంది. కళ్లనూ ముక్కునూ కప్పే మాస్క్‌లోని నీటిని తీయడాన్నే తీసుకోండి: అనుభవజ్ఞుడు రెండు క్షణాల్లో, కదులుతూనే ఆ పని చేసేస్తాడు. శిక్షకుడు మాత్రం కదలకుండా నిలిచి, మాస్క్‌లోకి కొద్దిగా నీరు రానిచ్చి, పైఅంచును వేళ్లతో నొక్కి పట్టుకుని, తల కాస్త పైకెత్తి, ముక్కుతో నిదానంగా గాలి వదలాలి. ప్రతి కదలికకూ మధ్య ఒక విరామం ఉండాలి. ముక్కుకు నీరు తగలగానే కొత్తవారు ముక్కుతోనే గాలి పీల్చబోతారు, కళ్లు పెద్దవవుతాయి, కొందరు పైకి దూసుకుపోవాలని చూస్తారు. అందుకే మీ చేయి వారికి అందేంత దగ్గరగా ఉండాలి. ఇలాంటి 24 ప్రాథమిక నైపుణ్యాలను ఎదుట ఒకరిని నిలబెట్టి, వీడియో తీసుకుని సాధన చేయండి.

సిద్ధాంతంలో భౌతిక శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, పరికరాలు, నైపుణ్యాలు–పర్యావరణం, డైవ్ పట్టిక (ఏ లోతులో ఎంతసేపు ఉండవచ్చో చెప్పేది) అనే ఐదు భాగాలుంటాయి. ప్రతి దానిలో 75 శాతం రావాలి. సూత్రాలను బట్టీ పట్టకుండా కారణంతో చెప్పగలగాలి. పది మీటర్ల లోతున పీడనం ఉపరితలంపై ఉన్నదానికి రెట్టింపు కాబట్టి, అక్కడ నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఆగకుండా ఊపిరి తీసుకుంటూ ఉండాలన్న మొదటి నియమం అందుకే పుట్టింది.

ఇవన్నీ అయ్యాక శిక్షకుల కోర్సు. మన దేశంలో అండమాన్‌లోని హావ్‌లాక్, అంటే నేటి స్వరాజ్ ద్వీప్, డైవింగ్‌కు పేరున్న చోటు. కోర్సు ముగిశాక పరీక్షించేది మీకు నేర్పినవారు కాదు, సంస్థ పంపిన పరీక్షాధికారి. తోటి అభ్యర్థులే విద్యార్థులుగా నటిస్తూ కావాలని తప్పులు చేస్తారు. ఆ తప్పును పట్టుకుని సరిదిద్దారా లేదా అన్నదే ముఖ్యం.

ఉత్తీర్ణులైన వెంటనే బాధ్యతా బీమా (మీ వద్ద నేర్చుకునేవారికి హాని జరిగితే పరిహారం భరించేది) తీసుకుని, కొంతకాలం అనుభవమున్న శిక్షకుడి పక్కన పనిచేయండి. ఓపెన్ వాటర్ కోర్సులో ఒక శిక్షకుడికి ఎనిమిది మంది వరకు విద్యార్థులను అనుమతిస్తారు, కానీ మొదట్లో ఇద్దరికి మించి తీసుకోకండి. నీరు మసకగా ఉన్న రోజున ఒక్కరితోనే దిగండి.