ప్రశ్న జ్యోతిషం, 4వ పాఠం: ఏ టైం పట్టాలి?

ప్రశ్న జ్యోతిషమంటే ప్రశ్న అడిగిన టైంకి జాతకం కట్టి ఫలితం చెప్పడం. పోయిన పాఠంలో స్థానిక కాలం (ఊరి రేఖాంశాన్ని బట్టి వచ్చే టైం) గురించి చెప్పాను కదా, దాని తర్వాత మీరు పంపిన లగ్నాలు (ఆ టైంకి తూర్పున ఉదయించే రాశులు) చూస్తే తల తిరిగింది. అదే ప్రశ్న, అదే టైం, సగం మందికి సింహం, సగం మందికి కర్కాటకం. అందుకే ఇవాళ కొత్త సంగతి కొంచెం, పాత లొల్లి ఎక్కువ.

అడిగేవాళ్లు అడిగి, మీకు అర్థమైన క్షణమే ప్రశ్న కాలం. ఫోన్ మోగిన టైం కాదు, గుమ్మం తొక్కిన టైం కాదు. "నా సంగతి ఏందో చూడు పంతులూ" అన్నారంటే ఇంకా ప్రశ్న పుట్టలేదు, "మా పిల్లగానికి ఈ ఉద్యోగం వస్తదా" అన్నప్పుడు గడియారం చూడండి. రాత్రి పంపిన వాట్సాప్ మెసేజ్ పొద్దున చదివితే పొద్దుటి టైమే. ఊరు కూడా మీరున్నదే, అడిగినాయన దుబాయ్‌లో ఉన్నా సరే. అడిగినవాళ్ల ఊరు పెట్టేవాళ్లూ ఉన్నారు, నేను పెట్టను. మీరు ఏదో ఒకటే పట్టుకోండి, ఫలితం బాగా వస్తుందని పూటకోటి మార్చకండి.

ఇక లొల్లి సంగతి. మన ఇండియా టైం 82°30′ రేఖాంశానిది, వరంగల్ దాదాపు 79°35′. తేడా 2°55′, డిగ్రీకి 4 నిమిషాల లెక్కన 11 నిమిషాల 40 సెకన్లు. కరీంనగర్‌కి పదమూడున్నర, ఆదిలాబాద్‌కి దాదాపు 16 నిమిషాలు. చేత్తో లెక్క కట్టేవాళ్లు ఈ నిమిషాలు గడియారం టైం నుంచి తీసేయాలి, చేత్తో కట్టేవాళ్లు మాత్రమే. జాతకం యాప్‌లో ఊరి పేరు పెట్టారంటే రేఖాంశం చూసి ఆ లెక్క అదే చేసుకుంటుంది. మీరు మళ్లీ 10:30ని 10:18 చేసి కొడితే రెండుసార్లు తీసినట్టు. లగ్నం ఇంచుమించు మూడు డిగ్రీలు వెనక్కి పోతుంది, దాదాపు ఒక నవాంశ (రాశిలో తొమ్మిదో వంతు). సింహం 1 డిగ్రీ మీద ఉండాల్సింది కర్కాటకం చివరికి జారింది. లగ్నాధిపతి రవి పోయి చంద్రుడొచ్చాడు, ఉద్యోగ ప్రశ్నకు చూడాల్సిన దశమాధిపతి (లగ్నం నుంచి పదో రాశికి అధిపతి) శుక్రుడు పోయి కుజుడొచ్చాడు. ఇంతా చేసి "ఫలితం తప్పింది గురువుగారూ" అని నాకు మెసేజ్!

అనుమానం ఉంటే మీ ఊరి పంచాంగంలో సూర్యోదయం టైం చూసి, అదే టైం యాప్‌లో కొట్టండి. లగ్నం, రవి ఇంచుమించు ఒకే డిగ్రీలో పడాలి. మూడు డిగ్రీలు తేడా వస్తే ఆ 12 నిమిషాలు ఎక్కడో దూరినట్టే. ఊరి దగ్గర ఢిల్లీ ఉండిపోయిందేమో కూడా చూసుకోండి, చాలామందికి అలాగే ఉంది.

రాశి మొదటి డిగ్రీలోనో చివరి డిగ్రీలోనో లగ్నం పడితే నేనైతే ఫలితం చెప్పను. గడియారం ఒకట్రెండు నిమిషాలు తేడా ఉన్నా రాశే మారిపోవచ్చు.

అభ్యాసం: వచ్చే పాఠంలోపు పది ప్రశ్నలు, టైం సెకన్లతో రాసుకోవాలి. లగ్నం ఒకసారి చేత్తో, ఒకసారి యాప్‌లో కట్టాలి. రెండింటికీ అర డిగ్రీకి మించి తేడా ఉంటే నాకు పంపొద్దు, మళ్లీ కట్టండి.