అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో మూడో అభ్యర్థి బలాన్ని అంచనా వేయడం ఎలా

డెమొక్రాటిక్, రిపబ్లికన్ పార్టీలకు చెందని వ్యక్తి ఎవరైనా అమెరికా అధ్యక్ష పదవికి బరిలో దిగితే, దేశవ్యాప్త సర్వేలో ఆయనకు ఎంత శాతం వచ్చిందన్నదే ముందుగా చర్చకు వస్తుంది. ఆ అంకెను పక్కన పెట్టి, ఆయన పేరు ఏయే రాష్ట్రాల బ్యాలెట్‌పై ఉందో మొదట చూడాలి. అక్కడ దేశమంతటికీ కలిపి ఒకే చోట నామినేషన్ వేసే పద్ధతి లేదు. నిబంధనలనూ గడువునూ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటుంది. టెన్నెస్సీలో స్వతంత్ర అభ్యర్థికి 275 మంది ఓటర్ల సంతకాలు చాలు. కాలిఫోర్నియాలో మాత్రం నమోదైన ఓటర్లలో ఒక శాతం, అంటే రెండు లక్షలకు పైగా సంతకాలు కావాలి.

ఆ తర్వాత చూడవలసింది, ఓట్లు ఎన్ని అన్నదానికంటే ఎక్కడ ఉన్నాయన్నది. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రాలవారీగా కేటాయించిన ఓట్లను ఎలక్టోరల్ ఓట్లు అంటారు. మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లలో గెలుపుకు 270 కావాలి; మెయిన్, నెబ్రాస్కా మినహా 48 రాష్ట్రాల్లో మొదటి స్థానంలో నిలిచినవారికే ఆ రాష్ట్రం ఓట్లన్నీ దక్కుతాయి. దీనిని అర్థం చేసుకోవడానికి 1948 ఎన్నికను మించిన ఉదాహరణ లేదని నా అభిప్రాయం. జాతి వేర్పాటును సమర్థిస్తూ పోటీ చేసిన స్ట్రామ్ థర్మండ్‌కూ, ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున నిలిచిన హెన్రీ వాలెస్‌కూ దేశం మొత్తం మీద చెరి 2.4 శాతం ఓట్లే వచ్చాయి. అయితే థర్మండ్ బలమంతా దక్షిణాదిలోనే ఉండటంతో నాలుగు రాష్ట్రాలు గెలిచి 39 ఎలక్టోరల్ ఓట్లు సంపాదించారు. వాటిలో అలబామాలోనైతే డెమొక్రాటిక్ అభ్యర్థి ట్రూమన్ పేరు బ్యాలెట్‌పైనే లేదు. వాలెస్‌కు ఒక్క ఎలక్టోరల్ ఓటూ రాలేదు. 1992లో స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరోకు 18.9 శాతం ఓట్లు పడినా, అవి దేశమంతటా పరచుకున్నందువల్ల ఆయనకూ ఒక్క ఎలక్టోరల్ ఓటు దక్కలేదు.

మూడో అభ్యర్థి ఎవరి ఓట్లు చీలుస్తున్నారన్న ప్రశ్న దగ్గర మరింత జాగ్రత్త అవసరం. 2000లో ఫ్లోరిడాలో రిపబ్లికన్ అభ్యర్థి జార్జ్ డబ్ల్యూ. బుష్ ఆధిక్యం 537 ఓట్లు కాగా, గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు 97,488 ఓట్లు వచ్చాయి. ఆయన లేకుంటే ఫలితం మారి ఉండేదనడానికి బలమైన కారణమే ఉంది. అయినా ఆ ఓట్లన్నీ డెమొక్రాటిక్ అభ్యర్థి అల్ గోర్‌వేనని లెక్క కట్టడం ఓటరు స్వేచ్ఛను చులకన చేయడమే అవుతుంది. పెరో లేకుంటే ఆయన ఓటర్లు రిపబ్లికన్ అభ్యర్థి జార్జ్ బుష్ సీనియర్, డెమొక్రాటిక్ అభ్యర్థి క్లింటన్‌ల మధ్య దాదాపు సమానంగా చీలేవారని 1992 ఎగ్జిట్ పోల్స్ తెలిపాయి. కాబట్టి హోరాహోరీ పోటీ ఉన్న రాష్ట్రాల్లో మూడో అభ్యర్థి మద్దతుదారుల రెండో ఎంపిక ఎవరో విడిగా చూడాలి.

గెలుపు లేకున్నా దేశవ్యాప్తంగా 5 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీకి తదుపరి ఎన్నికలో ప్రభుత్వ నిధులకు అర్హత లభిస్తుంది గనుక, ఆ గీతను కూడా గమనించాలి.

వేసవి సర్వేలను మాత్రం తుది మాటగా తీసుకోరాదు. 1980లో స్వతంత్ర అభ్యర్థి జాన్ ఆండర్సన్‌కు ఒక దశలో 20 శాతానికి పైగా మద్దతు కనిపించినా, చివరకు వచ్చినవి 6.6 శాతం ఓట్లే. పోటీ నుంచి తప్పుకున్నవారిని లెక్కలోంచి తీసివేసే ముందు కూడా రాష్ట్రాలవారీ జాబితా మరోసారి చూడాలి: 2024 ఆగస్టులో స్వతంత్ర అభ్యర్థి రాబర్ట్ ఎఫ్. కెనడీ జూనియర్ ప్రచారం నిలిపివేసినా, మిషిగన్, విస్కాన్సిన్ బ్యాలెట్లపై ఆయన పేరు నవంబరు వరకూ ఉండిపోయింది.