రిపేర్లయ్యాక మ్యూజియం మళ్లీ తెరవాలంటే ముందు గోడలు ఆరనివ్వండి

కాంట్రాక్టరు తాళాలు చేతిలో పెట్టిన సాయంత్రమే ఎవరో ఒకరు అడుగుతారు, "ఇంతకీ ఓపెనింగ్ ఎప్పుడు?" అని. నోరు జారి తేదీ చెప్పేశారా, ఇక అక్కడి నుంచి ప్రతి పనీ ఆ తేదీని చూసి పరుగెత్తాల్సిందే. మేం చెప్పేశాం, ఆ టెన్షన్ అంతా పడ్డాం. మీరు మాత్రం "బిల్డింగ్ ఆరాక చెప్తాం" అనండి, నవ్వితే నవ్వనివ్వండి.

ఆరడమంటే రంగు ఆరడం ఒక్కటే అనుకోకండి. కొత్త ప్లాస్టరు, కాంక్రీటు తమలోని నీటిని వారాల తరబడి, మందంగా ఉంటే నెలల తరబడి గదిలోకి వదులుతూనే ఉంటాయి. అందుకే వస్తువులు తేకముందే గదికొక డేటా లాగర్ (గాల్లో తేమను దానంతటదే నమోదు చేసే చిన్న పరికరం) పెట్టి, లైట్లు, ఏసీ, తలుపులు అన్నీ రేపు జనం వచ్చినప్పుడు ఎలా ఉంటాయో అలాగే నడుపుతూ కనీసం మూడు నాలుగు వారాలు తేమ చూడండి. ఒక లాగర్ షోకేసు లోపల, ఒకటి బయటి గోడ మూలలో తప్పకుండా ఉండాలి. గాల్లో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిదని చాలాకాలంగా చెప్తున్న మాట. నా లెక్కలో మాత్రం ఆ అంకె కంటే ముఖ్యం, అది రోజులో ఎంత పైకీ కిందకీ ఊగుతోందన్నది, ఎందుకంటే చెక్క వంకర పోయేదీ, పాత రంగు పెచ్చులూడేదీ ఆ ఊగిసలాట వల్లే. 65 శాతం దాటి కొన్నాళ్లు నిలబడితే బూజు పట్టడం మొదలవుతుంది.

పైకప్పు సంగతి వర్షం వచ్చినప్పుడు చూసుకుందాం అనుకోవద్దు. గదులు ఖాళీగా ఉండగానే గొట్టంతో గంటసేపు నీళ్లు కొట్టించి, లోపల టార్చ్ పట్టుకుని తిరగండి.

ఇక షోకేసులు. అందరూ అజాగ్రత్త పడేది ఇక్కడే. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే పలక), కొత్త పెయింటు, కొన్ని రకాల సిలికాన్ ఇవన్నీ ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి, సీసం వస్తువులు ఆ గాల్లో ఉంటే తెల్లగా పొడిబారిపోతాయి. మేం కొత్త షోకేసులో అడుగున ముదురు ఎర్ర ఉన్నిగుడ్డ పరిచి, దాని మీద ఒక వెండి పతకం పెట్టాం, చూడ్డానికి ఎంత బాగుందో! రెండు నెలలకు అంచు పసుపు రంగుకు తిరిగి, తర్వాత చుట్టూ నల్లటి గీత పడింది. ఉన్నిలో గంధకం ఉంటుంది, వెండికి అదే శత్రువు. తప్పు ఎవరిదో కాదు, గుడ్డ ఎంపిక చేసింది నేనే.

మెటీరియల్ మీద అనుమానం ఉంటే ఆడీ టెస్ట్ అని ఒకటుంది, 1973లో బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ తయారుచేసిన పద్ధతి. ఆ మెటీరియల్ ముక్కను వెండి, రాగి, సీసం రేకులతో పాటు కాస్త నీళ్లున్న గాజు గొట్టంలో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచి, రేకులు ఏమయ్యాయో చూస్తారు. ల్యాబ్ అందుబాటులో లేకపోతే షోకేసును రాత్రంతా మూసి, పొద్దున తలుపు కొద్దిగా తెరిచి వాసన చూడండి. వెనిగర్ వాసనో, పెయింటు వాసనో తగిలితే ఇంకో రెండు వారాలు తెరిచే ఉంచాలి. వాసన రాకపోతే అంతా బాగున్నట్టేనని మాత్రం అనుకోవద్దు.

దుమ్ముకి చీపురు వద్దు, లేచి మళ్లీ అక్కడే పడుతుంది. సన్నటి ధూళిని కూడా పట్టి ఉంచే హెపా ఫిల్టరున్న వాక్యూమ్‌తో పైనుంచి కిందకి లాగించండి. వారం ఆగి షోకేసు పైభాగాన్ని నల్లగుడ్డతో తుడిచి చూడండి, తెల్లటి చార వస్తే సిమెంటు ధూళి ఇంకా దిగుతోందని అర్థం. అప్పటిదాకా పెట్టెలు విప్పకండి.

పెట్టెలు వచ్చాక వాటిని గదిలో ఒక రోజు మూసే ఉంచండి, లోపలి వస్తువు కొత్త గాలికి నెమ్మదిగా అలవాటు పడుతుంది. విప్పేటప్పుడు ఇద్దరుండాలి: ఒకరు వస్తువు పట్టుకుంటే ఇంకొకరు రిజిస్టరులో నంబరు చూసి, తీసుకెళ్లేటప్పటి ఫోటోతో పోల్చి, కొత్త పగులు, పురుగు రంధ్రం ఏమైనా కనిపిస్తే అక్కడికక్కడే రాయాలి. "తర్వాత రాద్దాం" అన్నది ఎప్పుడూ రాయం. లోహాలకీ ఫోటోలకీ గ్లౌజులు, పాత కాగితాలకి శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులు చాలు. కొత్త ఎల్ఈడీలు భలే వెలుగుతాయి కాబట్టి వెలుగును కొలిచే లక్స్ మీటరు పెట్టండి. కాగితం, బట్టల మీద 50 లక్స్ దాటకూడదు.

లేబుళ్లు ప్రింట్ చేసే ముందు మ్యూజియంతో సంబంధం లేని ఒక పెద్దాయనతో, ఒక పిల్లవాడితో గట్టిగా చదివించండి, ఎక్కడ తడబడ్డారో అక్కడ మార్చండి. పాత సందర్శకులు "ఆ మూలన ఉండేదే, అదేదీ?" అని తప్పకుండా అడుగుతారు. తిరిగి పెట్టని వస్తువుల లిస్టు, కారణంతో సహా, కౌంటరు దగ్గర ఉండాలి.

ఆ తర్వాత బ్యానర్లేవీ లేకుండా ముప్పై నలభై మందిని పిలిచి ఒక పూట తిప్పండి. ఫైర్ అలారం మోగించండి, వీల్‌చెయిర్ ఏ మలుపులో ఇరుక్కుంటుందో చూడండి, లాగర్లో తేమ ఎంత పెరిగిందో రాసుకోండి. వీటన్నిటి సంగతీ తేలాక తేదీ చెప్పండి.

ఓపెనింగ్ అయిపోయిందని లాగర్లు తీసేయకండి, గోడలు ఒక ఏడాది ఎండావానా చూడాలి. కాంట్రాక్టరు సొంత ఖర్చుతో లోపాలు సరిచేయాల్సిన గడువు ఏ రోజుతో ముగుస్తుందో అగ్రిమెంటులో వెతికి, దానికి నెల ముందు రోజును క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టుకోండి.