ఏసీ కంట్రోలర్ ఆఫ్‌లైన్ అవుతోందా? వీల్యాన్ వేయగానే పని అయిపోదు

నల్లగొండలో ఒక ఆస్పత్రి. ఏప్రిల్ ఎండలు. పొద్దున పది దాటితే చాలు, ఆపరేషన్ థియేటర్ ఏసీ కంట్రోలర్ బీఎంఎస్ (బిల్డింగ్‌లోని ఏసీల్లాంటివన్నీ ఒకచోటి నుంచి చూసే సిస్టమ్) స్క్రీన్ మీద ఆఫ్‌లైన్ అంటుంది, సాయంత్రానికి దానంతటదే వచ్చేస్తుంది. బోర్డు మార్చారు, కేబుల్ మార్చారు, అయినా తగ్గలేదని నన్ను పిలిచారు.

కారణం: విజిటర్ల వైఫై, బిల్లింగ్ కంప్యూటర్లు, కెమెరాలు, కంట్రోలర్లు అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. కంట్రోలర్‌కు చేత్తో పెట్టిన ఐపీనే (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్) రౌటర్ ఓపీకి వచ్చిన ఎవరి ఫోన్‌కో ఇచ్చేస్తోంది. మీకూ అనుమానముంటే కంట్రోలర్ కేబుల్ పీకి, ల్యాప్‌టాప్‌లో ఏఆర్‌పీ టేబుల్ (ఏ ఐపీ ఏ పరికరం దగ్గరుందో రాసుకునే పట్టిక) ఖాళీ చేసి, ఆ ఐపీకి పింగ్ కొట్టి (ఉన్నావా అని అడిగి) మళ్లీ టేబుల్ చూడండి. ఆ ఐపీ పక్కన మ్యాక్ అడ్రస్ (పరికరం నెట్‌వర్క్ కార్డు నంబర్) కనబడిందంటే ఆ ఐపీ ఇంకెవరి దగ్గరో ఉన్నట్టే.

పరిష్కారం: ఆ రోజుకి ఆ ఐపీని డీహెచ్‌సీపీ రేంజ్ (రౌటర్ తనంతట తానే పంచే ఐపీల వరుస) బయటికి తీసేయండి. తర్వాత కంట్రోలర్లకు వేరే వీల్యాన్ (అదే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) వేయండి.

సమస్య: వీల్యాన్ వేశాక కూడా రిసెప్షన్ కంప్యూటర్ నుంచి కంట్రోలర్‌కు పింగ్ అందుతోంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నాకు బాధ కలిగించేది కూడా ఇదే. రౌటర్ పని కూడా చేసే లేయర్ 3 స్విచ్‌లో రెండు వీల్యాన్లకూ ఐపీ పెట్టి రౌటింగ్ ఆన్‌లో ఉంచితే అది వాటిని మళ్లీ కలిపేస్తుంది. కంట్రోలర్లతో మాట్లాడే మామూలు మాడ్‌బస్ భాషకు పాస్‌వర్డే ఉండదు కాబట్టి దాని 502 పోర్టు దాకా చేరినవాడు థియేటర్ టెంపరేచర్ సెట్టింగ్ మార్చేయగలడు, లోపల పేషెంట్ టేబుల్ మీద ఉన్నా సరే. మధ్యలో ఏసీఎల్ (ఎవరు ఎక్కడికి వెళ్లొచ్చో చెప్పే రూల్స్) పెట్టండి: అన్నీ బంద్, బీఎంఎస్ కంప్యూటర్‌కు అవసరమైన పోర్టులు మాత్రమే ఓపెన్.

సమస్య: ఇప్పుడు బీఎంఎస్ స్కాన్ చేస్తే ఒక్క కంట్రోలరూ దొరకడం లేదు.

బ్యాక్‌నెట్ (ఇదీ కంట్రోలర్లతో మాట్లాడే భాషే) కంట్రోలర్లను బ్రాడ్‌కాస్ట్‌తో, అంటే అందరికీ ఒకేసారి కేక వేసి వెతుకుతుంది, అది వీల్యాన్ దాటదు. బీబీఎండీ (ఆ కేకను వీల్యాన్ దాటించేది) పెట్టి, ఏసీఎల్‌లో బ్యాక్‌నెట్ పోర్టు యూడీపీ 47808 తెరవండి, లేదా బీఎంఎస్ కంప్యూటర్‌నే కంట్రోలర్ల వీల్యాన్‌లోకి మార్చండి. చిన్న బిల్డింగ్‌కు రెండోదే నయం.

ఏసీ కంపెనీవాళ్లు బయటి నుంచి చూడాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ (ఇంటర్నెట్ నుంచి నేరుగా కంట్రోలర్‌కు దారి తెరవడం) వద్దు. వీపీఎన్ (లాగిన్ అయితేనే తెరుచుకునే రహస్య దారి) ఇచ్చి, అది కూడా ఆ ఒక్క వీల్యాన్ వరకే తెరవండి. 2013లో అమెరికాలో టార్గెట్ స్టోర్ల నుంచి దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయినప్పుడు, దొంగలు మొదట లోపలికి వచ్చింది ఒక రిఫ్రిజిరేషన్, ఏసీ కాంట్రాక్టర్ లాగిన్‌తోనే.

ఇవన్నీ థియేటర్ ఖాళీగా ఉన్నప్పుడే చేయండి. చివర్లో స్విచ్ కాన్ఫిగ్ సేవ్ చేయడం మరవకండి, కరెంటు పోయి వస్తే మీరు చేసినదంతా మాయమైపోతుంది.